కాయితంల చచ్చిన దొర

"తాతా, నీ దయ్యాల సిన్మల రాసిందొకటి, తీసిందొకటి అంటున్నరు. నిజమేనా? ఫోన్ల రికార్డు చేస్తున్న, చెప్పు."

చెయ్ బిడ్డా, చెయ్. నమ్మనోళ్లెవరన్న ఉంటే గిప్పుడే లేచి పొమ్మను, చాయ్ సుత తాగకుండ. చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాక నా మాట అబద్ధమన్నోడు ఒక్కడే ఉండె. వాడు వార్డుమెంబరుకు నిలబడి ఓడిపోయిండు.

నువ్వప్పుడు దొంతన్‌పల్లి హాస్టల్ల ఉంటివి. ఎంకపల్లి కాడ ఫామ్‌హౌస్‌ల షూటింగ్. గా జాగ మా మేనమామదే, జత ఎడ్లకు ఇచ్చేసిండు మహానుభావుడు, ఇప్పుడందుల పెద్దోళ్లు ఈత కొడ్తున్నరు. సరే, మాట ఎటో పోయింది. డైరెక్టర్ నా మీసం చూసి కారాపిండు. ఆపక ఏం చేస్తడు? "తాతా, పాడుబడ్డ గడిల చచ్చిపోయిన దొర వేషం. మీరు తప్ప ఇంకెవ్వరు పనికిరారు" అన్నడు. చావుకు సుత నేనే కావాల్నట, చూడు!

కాయితాల మీద కథ మస్తుండె. అమాస రాత్రి, జోరువాన, కూలిన గోడలు, నక్కల కూతలు. తీసిందేమో మిట్టమధ్యాహ్నం. కిటికీలకు నల్లబట్ట కట్టి అమాస అన్నరు. ట్యాంకర్ నీళ్లు చల్లి వాన అన్నరు. తళతళలాడే గోడకు మురికిరంగు పూసి పాడుబడ్డదన్నరు. మా ఇంటికొస్తే గసొంటి గోడ పైస ఖర్చు లేకుండ దొరుకుతుండె గదా! నక్కలు కూయాల్సిన కాడ పక్క ఫారంల కోళ్లు కూసినయ్. పొగమంచని మిషిన్ పెడితే హీరోయిన్‌కు దగ్గొచ్చింది. దాన్నే ఏడుపని ఉంచుకున్నరు.

కష్టమంత మీ నాయనమ్మతోని. "మెడల పుస్తెలుండంగ నువ్వు పాడె మీద పండుకుంటే నేను చూడాల్నా? గట్లాంటిది టీవీల కనబడ్డనాడు షాబాద్‌ల మా తమ్ముని ఇంటికి పోత. మళ్ల రాను" అన్నది. అన్నదంటే చేస్తది. "పిచ్చిదానా, నేను బతికున్న దొరనే" అని చెప్పిన.

ముక్కుల పత్తి, మెడల బంతిపూల దండ. అర్ధగంట ఊపిరి బిగబట్టిన! మేకప్పాయన నాడి పట్టి చూసి కండ్లనీళ్లు పెట్టుకున్నడు. షాట్ అయినంక డైరెక్టర్, "తాతా, అప్పుడే లేవకు. శవం వేషం కట్టినోళ్లు కెమెరా దిక్కు చూసి నవ్వాలె, లేకుంటే కీడు. మా సిన్మోళ్ల ఆచారం. ఇది సిన్మల పెట్టంలే" అన్నడు. ఇంట్ల మీ నాయనమ్మకు ఏం చెప్పాల్నా అనుకుంట, ఉన్న పండ్లన్ని బెట్టి నవ్విన.

టీవీల వచ్చిన నాడు ఇంటినిండ జనం. ఎవడో ముందే పాడె ముచ్చట ఆమె చెవుల ఏసిండు. సంచి సదురుకొని పక్కన పెట్టుకొని కూసున్నది. పాడె వచ్చింది. పత్తి, దండ, నేను. ఆమె సంచి పట్టుకొని లేచింది. నా ఊపిరి గప్పుడు నిజంగనే ఆగింది బిడ్డా.

అంతల హీరోయిన్ నా మీదికి వంగి దగ్గుతున్నది, శవం కండ్లు తెరిచి పండ్లన్ని బెట్టి నవ్వింది! కాయితంల "దొర శవం. ఆమె ఏడుస్తది" అనే ఉండె. నా నవ్వు చూసినంక ఆ రాసినోని కథ ఎవనికి కావాలె? షాట్ అయినంక నవ్విన నవ్వునే తెచ్చి అతికిచ్చిన్రు. పిల్లలు కెవ్వుమన్నరు. ముసలోళ్లు దండం పెట్టిన్రు. కథ మార్చిందెవరంటవ్? నేనే! పేర్లేసిన కాడ మాత్రం నా పేరు లేదు, కోళ్లఫారమోళ్లకు థాంక్స్ ఉన్నది.

మీ నాయనమ్మ ఒక్కతే భయపడలే. నిలబడ్డ కాడనే టీవీ దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. "గీ నవ్వు నాకెరుకే. నాకు అబద్ధం చెప్పినప్పుడల్ల గిదే నవ్వు. చచ్చినోడు గిట్ల నవ్వడు. లే, అన్నం తిందువు" అన్నది.

ఏంది బిడ్డా, ముసిముసి నవ్వులు? నమ్మవా? సాక్షి ఉన్నది. వంటింట్ల పప్పుకు పోపు పెడుతున్నది, పోయి అడుగు. జర మెల్లగ అడుగు, ఆ సంచి ఇంక విప్పలే. రికార్డుల ఉండాలె, సాక్షి పేరు మీ నాయనమ్మ అంజమ్మ.