గోడకు ఒప్పుకోని పరిశోధకురాలు

1996 జూలై ఒకటవ తేదీన మన సంస్థలో పరిశోధకురాలిగా చేరిన డాక్టరు గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఆనాడు హెచ్‌ఐవి విభాగమంటే వెనకవైపు గుమ్మమున్న ఒక గది. అక్కడికి వచ్చినవారిని ఓదార్చి పంపడమే వైద్యమని పెద్దలు నిశ్చింతగా భావించిన కాలమది. ఓదార్పును వైద్యంగా అంగీకరించని ఆమె, మందులు అందివచ్చిన తొలినాళ్లలో, రోగులు మాత్రలు ఎందుకు మానేస్తున్నారో తెలుసుకోవడానికి ఇల్లిల్లూ తిరిగారు. ఆ అధ్యయనమే ఆమెకు దేశదేశాల్లో గౌరవం తెచ్చింది.

రోగులు బతికారు. బతికినవారికి వయసు వచ్చింది; వయసుతోపాటు రక్తపోటు, మధుమేహం వచ్చాయి. ఇంత సహజమైన సంగతిని ఊహించలేకపోవడం మన సంస్థ ఘనత.

రక్తంలో వైరస్ జాడ లేకుండా ఏళ్లు గడిపిన ఒక దర్జీ, తల తిరుగుతోందని మన విభాగానికి వచ్చారు. మనం రక్తపోటు చూడం కనుక ఆవరణకు అవతలనున్న విభాగానికి పంపాం. అక్కడి నర్సు ఆయన చీటీ చూసి, "మీకు కట్టిన బీపీ పట్టీ మళ్లీ అందరికీ ఎలా కడతాం? మీ గదికే పొండి" అన్నది. ఆయన ఇంటికి వెళ్లిపోయారు; కొద్ది వారాలకే కుట్టుమిషను మీద ఒరిగిపోయి పక్షవాతంతో మరణించారు. వైరస్ అదుపులో ఉండగా పోయారు గనుక, ఆ ఏటి సమీక్షలో ఆయనను చికిత్స ఫలించినవారిలోనే చేర్చాం!

పరామర్శకు వెళ్లిన డాక్టరు గారిని దర్జీ భార్య గుమ్మంలోనే నిలబెట్టి అడిగింది: "మీ జబ్బుతో పోలేదని సంతోషించమంటారా అమ్మా?"

అక్కడినుంచి ఆమె నేరుగా అప్పటి సంచాలకుల గదికి వెళ్లారు. "గుండె మన పరిధి కాదమ్మా. నిధులిచ్చింది వైరస్‌కి" అన్నారాయన.

"అయితే రోగి తన గుండెను గేటు దగ్గర వాచ్‌మన్‌కి అప్పజెప్పి రావాలా సార్?"

మర్నాడు ఆమె అవతలి విభాగంలో, జనం మధ్యనే కూర్చున్నారు. "నన్ను కూర్చోబెట్టండి మేడం, నాకు దాచుకునేదేం మిగల్లేదు" అంటూ వెంట వచ్చిన, మన విభాగంలో మందులు వాడే ఒక లారీ డ్రైవరు చేతికి పట్టీ కట్టించారు. విప్పి, దాన్నే తన చేతికి కట్టమన్నారు. నర్సు చూసి నసిగింది: "ఆయనకి నార్మలే మేడం. మీకే ఎక్కువుంది."

"వైరస్ నాకు, బీపీ మీకా! అయితే లైన్లో నా వెనక నిలబడండి" అన్నాడు డ్రైవరు. గది గదంతా నవ్వింది. నర్సూ నవ్వి, తర్వాతి మనిషికి అదే పట్టీ కట్టింది.

నాటినుంచి రెండు విభాగాలవారికీ ఒకే గది, ఒకే వరుస. ఎవరు ఏ జబ్బుకు వచ్చారో పక్కవారికి తెలియదు. పక్షవాతాలు తగ్గాయని ఆమె పరిశోధన నిరూపించింది. ఆ పద్ధతిని చూసి నేర్చుకోవడానికి పరాయి దేశాల వైద్యులు వచ్చారు.

ఇప్పుడు, ఆమె వెళ్లగానే ఆ గదికి అడ్డుగోడ కట్టాలని మన యాజమాన్యం తీర్మానించింది, పరిపాలనా సౌలభ్యమట. ఒక చేత్తో పూలగుచ్ఛం, మరో చేత్తో ఇటుకలు! "మీరెలాగూ వెళ్తున్నారు కదమ్మా, ఇంకా మీకెందుకు?" అన్నవారికి ఆమె ఒక్క మాటే చెప్పారు: "నేను వెళ్తున్నాను సార్. రోగులు వెళ్లట్లేదు."

కొలతలకు వచ్చిన మేస్త్రి, హెచ్‌ఐవి వాళ్లను ఒక పక్కకు జరపమన్నాడు. ఒకనాడు పట్టీ కట్టనన్న ఆ నర్సే ఇప్పుడు హెడ్‌నర్సు. "ఎవర్ని జరపాలో నువ్వే చూపించు నాయనా, మాకు తెలీదు" అన్నది. కుర్చీల్లోంచి ఒక్కరూ లేవలేదు. మేస్త్రి టేపు చుట్టుకుని వెళ్లిపోయాడు. తీర్మానం మాత్రం ఇంకా రద్దు కాలేదు.

దానిని రద్దు చేయించవలసిన బాధ్యత ఇక ఆమెది కాదు, ఈ సంచిక చదువుతున్న మనది. ఆ గది ఇంకా ఒకటిగానే ఉందా అని వాకబు చేయవలసిన అగత్యం ఏ ఉదయమూ కలగకుండా, డాక్టరు గారు తమవారి మధ్య సంపూర్ణ ఆరోగ్యంతో, నిశ్చింతగా, చిరకాలం జీవించాలి.