మా అప్ప అడిగిన నీళ్ళు

"మామ్మా, లెగు. ఈ బిళ్ళ ఏసీసుకో. ఒక్కటేనంట, ఒక్కసారి ఏసుకుంటే సాలంట. కొంచెం కడుపులో తిప్పుతాదంట, నీళ్ళు బాగా తాగమన్నాడు డాక్టరు. ఇదిగో నీళ్ళు."

ఒక్కటేనా? ఏదీ, సూడనీ. ఇంత గ్లాసేటి, పిట్ట తాగేటన్ని నీళ్ళు. సెంబుతో తే. నవ్వకు. పక్కన సెంబు నేకుండా నాను బిళ్ళ ముట్టనని మీ అమ్మకి తెలుసు, పోయిన మీ తాతకీ తెలుసు. ఎందుకో మాత్రం ఎవులికీ తెల్దు. ఎవులూ అడగనేదు. నువ్వూ అడగనేదనుకో. అయినా సెప్తాను కూకో, ఎనభై దాటి ఎన్నాళ్ళయినాదో, ఇంకెప్పుడు సెప్తాను.

నాకొక అప్ప ఉండీది. అప్పలనరసమ్మ. నాకన్న ఐదేళ్ళు పెద్దది. నన్ను కన్న పురిట్లోనే అమ్మ పోనాది, అంచేత నాకు తల దువ్వినా, నాకు ముద్ద పెట్టినా అప్పే. ఎండుసేపల గంప నెత్తినెట్టుకుని ఊళ్ళమ్మట తిరిగి, సోళ్ళు, మీరు రాగులంటారే, అవి మార్చుకొచ్చీది. అప్పట్లో డబ్బులెవులిచ్చీవోళ్ళు, గంపెడు సేపలకి అడ్డెడు సోళ్ళు. అంబలి కాసి ముందు నాకు పోసీది. తనకి మిగిల్తే తాగీది, నేకపోతే నేదు. నాకది అప్పుడు తెల్దు, తరవాత తెలిసినాది.

మా మేనమావ రంగం నించి, అదే బర్మా నించి, కాలినడకన వొచ్చిన ఏడు... కాదు కాదు, ఆ తరవాతేడు. యుద్ధం ఇంకా అవ్వతన్నాది. బియ్యం దొరకవు, కిరసనాయిలు దొరకదు. కార్తీకంలో అప్పకి జొరమొచ్చినాది. దగ్గు, ఊపిరి తీస్తే పక్కలో పోటు. నిమ్ము అన్నారు. మా నాయనమ్మ లంకణం కట్టించీసినాది. లంకణమంటే నీకేటి తెలుస్తాది? జొరమొచ్చినోళ్ళకి కూడు నేదు, గెంజి నేదు, మా నాయనమ్మ లంకణంలోనైతే నీళ్ళు కూడా నేవు. నోరు పిడసకట్టుకుపోతే దూది తడిపి పెదాలకి రాసీది, అంతే. లంకణం పరమౌషధం అనీది. తన ఐదుగురు పిల్లల్నీ అలాగే నిలబెట్టుకున్నాది మరి. ఆవిడ్ని తిట్టకు. నన్ను పెంచినాది కూడా ఆవిడే కదా.

మూడోనాడు నాయన నరసన్నపేటలో డాకటేరుకాడికి బయల్దేరినాడు. నన్నూ తోడట్టుకెళ్ళినాడు. నాయనకి ఒక సెవి వినపడదు, సంద్రం హోరులో పోనాదది, అందుకని ఎక్కడికెళ్ళినా నాను పక్కనుండాల. డాకటేరు అంతా విని ఆరు తెల్లబిళ్ళలు పొట్లం కట్టినాడు. "ఇవే ఉన్నాయి, మిగతావన్నీ పటాలానికి పోతున్నాయి. ఆరూ నూరి ఒక్కసారే మింగించండి. మళ్ళీ ఇవ్వక్కర్లేదు, ఇవ్వడానికీ లేవు" అన్నాడు. అనీసి నాకేసి తిరిగినాడు. "పాపా, నువ్వు గుర్తుపెట్టుకో. డోకులొస్తాయి, కళ్ళు తిరుగుతాయి, భయపడొద్దు. నీళ్ళు మాత్రం ఆపకండి. గంటగంటకీ ముంతెడు నీళ్ళలో చిటికెడు తినే సోడా కలిపి పట్టించు. ఒంటేలు ఆగిందా, మందే విషమైపోతుంది" అన్నాడు. సోడా పొట్లం నా సేతికిచ్చినాడు. అది కొంగున కట్టుకుని తోవ పొడుగునా తడుముకుంటానే వొచ్చినాను.

ఇంటికొచ్చి నాయనే బిళ్ళలు నూరి మింగించినాడు, ఒక ముంత నీళ్ళు పట్టించినాడు. అప్పుడే కవళ్ళ సేపల గుంపు కనిపించినాదని ఒడ్డున కేకలు. పదిరోజులై వల తడవనేదు, ఇంట్లో గింజ నేదు, ఏటి సేస్తాడు? "నీళ్ళు నువ్వు సూడమ్మా" అనీసి తెప్ప దించీసినాడు. గుంపు ఎనకాలే ఉత్తరంగా పోయి, అక్కడే ఒడ్డున వొండుకుని, ఐదోనాటిదాకా రానేదు.

నాయన అలా ఎల్లినాడో నేదో, అప్పకి డోకులు. డాకటేరు సెప్పినవే కదా. నాను రెండో ముంత పట్టుకెళ్తన్నాను, నాయనమ్మ లాగీసుకున్నాది. "నీళ్ళోసి దాన్ని సంపుతావేటే గుంటా?" అన్నాది. డాకటేరు సెప్పినాడన్నాను. "డాకటేరు కన్నాడా దీన్ని?" అన్నాది.

సరే, అది ఆవిడ తప్పు. నా తప్పు ఇప్పుడొస్తాది.

మర్నాడు ఆవిడ ఊళ్ళోవోళ్ళు ఎండేసిన సేపలు తిరగెయ్యడానికి కూలికి ఒడ్డుకెళ్ళినాది. ఇంట్లో అప్పా నానే. "ఒసే సిన్నీ, ఒక్క గుక్క" అన్నాది. నాను కుండ మీద మూత తీసినాను. తీసి, మళ్ళీ పెట్టీసినాను. మళ్ళీ డోకితే ఉన్న మందు కూడా బయటికొచ్చీస్తాదనుకున్నాను. నాయనమ్మ కొడతాదనీ అనుకున్నాను. రెండూ నిజమే. దూది తడిపి పెదాలకి రాసినాను. మా అప్ప ఆ దూదిని పళ్ళతో పట్టీసుకున్నాది. లాగినా ఒగ్గనేదు. నాకు కోపమొచ్చి గట్టిగా లాగీసినాను. అలా పొద్దుగూకీలోపు పదిసార్లు అడిగినాది.

ఇంతకీ జొరం దిగిపోనాది, తెలుసునా? రెండోనాటికి సెమట పట్టి ఒళ్ళు సల్లబడినాది. పక్కపోటు తగ్గినాది. మందు పనిసేసినాదే. నాయనమ్మేమో "సూసినావా లంకణం?" అన్నాది. నాను మూత పెట్టడమే మంచిదైనాదని లోపల్లోపల సంతోషపడినాను కూడా.

ఆ సాయంత్రం ఒంటేలు సుక్కసుక్కగా, ఎర్రగా వొచ్చినాది. ఆ తరవాత అదీ నేదు. నడుం పట్టుకుని మెలికలు తిరిగిపోనాది. మొకం ఉబ్బిపోనాది. అప్పుడిచ్చినాం నీళ్ళు. నాయనమ్మే సెంబు పట్టినాది, నాను సోడా కలిపినాను. తాగినవి తాగినట్టే ఒంట్లో ఉండిపోనాయి. ఐదోనాడు పొద్దున్న పోనాది మా అప్ప. జొరం మాత్రం మరి రానేదు.

మద్దేన్నానికి నాయనొచ్చినాడు. ఏడవనేదు. నాకాడికొచ్చి కూకుని, వినపడే సెవి నాకేసి తిప్పి, "నీళ్ళిచ్చినావా అమ్మా?" అన్నాడు. నాయనమ్మ నా ఎనకాలే ఉన్నాది. "ఇచ్చినాను నాయనా" అన్నాను. "గంటగంటకీ?" "గంటగంటకీ."

"అయితే ఆ బిళ్ళలే సంపీసినాయి" అన్నాడు నాయన. అదే ఊరంతా పాకిపోనాది. తరవాతేడు పక్కింటి సూరమ్మకి అదే నిమ్ము. ఇద్దరు పిల్లల తల్లి. బిళ్ళలు తెస్తామంటే, "వొద్దర్రా, నా పిల్లని మింగీసినాయవి" అని నాయనే ఇంటికెళ్ళి సెప్పొచ్చినాడు. సూరమ్మా పోనాది. అప్పుడైనా నాను నోరిప్పొచ్చు కదా. ఇప్పనేదు.

నాయనమ్మా నానూ ఆ మాట ఒక్కనాడూ ఎత్తుకోనేదు. ఆవిడ పోయేటప్పుడు అందరూ తలో సుక్కా నోట్లో పోస్తన్నారు, అందరివీ తాగినాది. నా సెయ్యి వొచ్చీసరికి నోరు మూసీసుకున్నాది. తానేటనుకున్నాదో నాకు తెల్దు గానీ, ఆ నీళ్ళు దవడమీంచి సాపమీదకి కారిపోడం ఇప్పటికీ నాకు కనపడతాది.

ఏడవకే ఎర్రిమొకమా. నిన్ను ఏడిపించడానికి సెప్పనేదు. సెంబు నిండా తే, ఆఁ, అలాగ. బిళ్ళ ఇటియ్యి. మింగీసినాను, సూడు. తిప్పితే తిప్పనీ, నువ్వు పక్కనున్నావు కదా. సల్లగుండు తల్లీ, పదిమందికి నీళ్ళిచ్చీ సెయ్యవ్వాల నీది. నాను అడక్కముందే గ్లాసుతో నీళ్ళు నువ్వే తెచ్చినావు. అప్ప అడిగినాది... ఇంకొంచెం పొయ్యి.