చెంచయ్య చెయ్యేసిన ఫోను

చెంచయ్యని ఒకాయన, ఎడ్లు చూసే ఆయన. పల్నాడులో మా అమ్మమ్మోళ్ళ ఊరే. సంతలో ఎద్దుని కొనాలంటే ఆయన్ని వెంటబెట్టుకుని పోవాల్సిందే. పళ్ళు చూసేవాడు, సుళ్ళు చూసేవాడు, నాలుగడుగులు నడిపించి కళ్ళు మూసుకుని గిట్టల చప్పుడు వినేవాడంట, పాట విన్నట్టు. అన్నీ నచ్చితే మూపురం మీద అరచెయ్యి వేసేవాడు. చెయ్యేశాడంటే బేరం అయిపోయినట్టే. ఎందుకంటే ఆ ఊళ్ళో ఒక కట్టుబాటుంది. ఆయన చెయ్యేసిన ఎద్దు ఎనిమిది రోజుల్లోపల కాడి కింద పడుకుందనుకో, దాన్ని తెచ్చి ఆయన కొట్టంలో కట్టేసి ఆయన ఎద్దుని విప్పుకుపోవచ్చు. ఆయన ఒక్క మాట అనకూడదు. ముప్పై ఏళ్ళలో ఒక్కటి కూడా తిరిగి రాలేదంట, అదీ ఆయన గొప్ప.

ఇట్టా ఉండగా ఏమైందంటే, ఆ ఊరికి కిరీటి అని ఒకడొచ్చాడు. తెల్ల చొక్కా, నల్ల కళ్ళజోడు, నోట్లో తేనె. ఫోన్లో గుర్రప్పందేల యాప్ పట్టుకొచ్చాడు. ఎక్కడో సముద్రం అవతల గుర్రాలు పరిగెత్తుతాయంట, మనం ఇక్కడ అరుగు మీద కూచుని పందెం కాయొచ్చంట. కావాలంటే క్రికెట్టు మీదా కాయొచ్చు, కుస్తీ మీదా కాయొచ్చు. ఊరోళ్ళు నమ్మలా. అప్పుడు వాడు ఎంత తెలివిగా అన్నాడో చూడండి. "మీరు నన్ను నమ్మొద్దన్నా, మీ ఊళ్ళో సరుకు చూసి చెప్పే పెద్దాయన ఉన్నాడంటగా, ఆయన్నే చూడమనండి. ఆయన కాదంటే ఈ పూటే పోతా" అన్నాడంట. నాకు ఇది చెబుతుంటేనే ఒళ్ళు మండుద్ది. చెంచయ్యకేమో లోపల పొంగిపోయింది. గుర్రాల్ని కూడా చూడగలవా పెదనాన్నా అని అందరూ అడుగుతుంటే, నాలుగు కాళ్ళున్నదేదైనా నాకు ఒకటేరా అన్నాడు.

ఐదు రోజులు మధ్యాహ్నం పూట అరుగు మీద కూచుని ఫోను చూశాడంట. యాప్ పెట్టుకుంది అంకారావు ఫోన్లో. అంకారావంటే కౌలు సేద్యం చేసుకునే కుర్రోడు, పెళ్ళై మూడేళ్ళు. పందేనికి ముందు గుర్రాల్ని చుట్టూ తిప్పుతారు కదా, చెంచయ్య దాన్నే చూసేవాడు. "ఆ ఎర్రది ఎడమ వెనక కాలు ఈడుస్తంది, దాని మీద పెట్టబాక. ఆ నుదుటి మచ్చదాని రొమ్ము చూడు ఎట్టా ఉందో" అనేవాడు. ఎర్రది ఆఖర్న వచ్చేది, మచ్చది ముందొచ్చేది. వందా రెండొందలూ పెడితే గెలిచిన డబ్బు అప్పటికప్పుడు టింగుమని పడేది. ఐదో రోజు చెంచయ్య ఆ ఫోను మీద అరచెయ్యి వేశాడు. మూపురం మీద వేసినట్టే వేశాడంట. నిజంగా.

ఇక్కడ ఆ ఎడ్ల గురించి చెప్పాలి నేను. అంకారావు భార్య సీతారావమ్మ, ఆమె పెంచింది వాటిని. తల్లి చచ్చిపోతే రెండు దూడల్నీ సీసాతో పాలు పట్టి పెంచింది. తెల్లవి, ఎంత తెలుపంటే పొద్దున్నే మంచులో నిలబడితే కొమ్ములు మాత్రమే కనపడేవంట. కళ్ళకి కాటిక పెట్టినట్టు నల్లటి అంచు. ఆమె పేరు పెట్టి పిలిస్తే చేలో మేత వదిలేసి వచ్చేవి. నేను చూశాను వాటిని, చిన్నప్పుడు కాదు, మొన్న మొన్ననే. అట్టాంటి కళ్ళు మనిషికి ఉంటే వాళ్ళ కోసం ఊరొదిలి పోతాం. నవ్వబాకండి, పోతాం.

సీతారావమ్మ తమ్ముడింటికి పోయి ఉన్న వారంలో అంకారావు ఆ జతని అమ్మేశాడు. కృష్ణ అవతల ఊరాయన కొన్నాడు. పది రోజుల్లో డబ్బు తెస్తే అదే రేటుకి తిరిగిస్తా, దాటితే మాత్రం జత వేరే సీమకి పోద్ది అన్నాడంట. అంకారావు లెక్కేందంటే, ఎడ్లు మళ్ళీ వస్తాయి, పైన మిగిలిన దాంతో కౌలు పొలం సొంతం అవుద్ది. చెంచయ్య చూపించిన గుర్రం మీద మొత్తం పెట్టాడు. గెలిచింది అనుకో. నిజంగానే గెలిచింది. ఫోన్లో అంకె చూసి పిచ్చోడిలా చేను చుట్టూ పరిగెత్తాడంట. డబ్బు తీసుకుందామని నొక్కితే "మీ ఖాతా పరిశీలనలో ఉంది" అనొచ్చింది. ఒక రోజు, రెండు రోజులు, అదే మాట. కిరీటికి ఫోను చేస్తే, "ఏం లేదన్నా, పన్ను కింద నలభై వేలు కడితే వదులుతారు" అన్నాడు. ఇంక నా దగ్గర పైసా లేదన్నాడు అంకారావు. మర్నాటి నుంచి కిరీటి ఫోనే పలకలా.

సీతారావమ్మ వచ్చి ఖాళీ గుంజని చూసింది. మొగుణ్ణి ఒక్క మాటే అడిగింది, "ఎవరు చెప్తే చేశావ్?" అని. అతను చెప్పాడు. ఆమె ఆ ఫోను తీసుకుని, భుజాన ఖాళీ పలుపులేసుకుని, నడి వీధిలో చెంచయ్య ఇంటికి నడిచింది. ఊరంతా వెనకాలే. కొట్టంలోకి పోయి ఫోనుకి పలుపు చుట్టి గుంజకి కట్టేసింది. దాని ముందు గుప్పెడు చొప్ప వేసింది. "పెదనాన్నా, నువ్వు చెయ్యేసిన సరుకు కాడి కింద పడుకుంది. చెయ్యేసి ఇయ్యాళ్టికి ఏడో రోజు" అంది.

చెంచయ్య మొహం ఎర్రబడింది. "నేను చూసింది గుర్రాన్ని కదమ్మా. గుర్రం గెలిచిందా లేదా? నా కన్ను తప్పలేదే" అన్నాడు. ఆ మాటకి ఆమె ఎట్టా లేచిందంటే, "కన్ను సంగతి కాదు నేను అడిగేది. సంతలో ఎద్దు పళ్ళు చూడకముందే నువ్వు అమ్మేవాణ్ణి అడుగుతావు కదా, ఏ ఊరు, ఎవరి కొడుకువి, నీ గడప ఎక్కడ అని. ఈ కిరీటిని అడిగావా? ఆ డబ్బు పెట్టె ఎవరి ఇంట్లో ఉందో అడిగావా? పెద్ద పందెం గెలిచినోడికి ఒక్కడికన్నా ఇచ్చాడా అని అడిగావా? గుర్రం మనకి అమ్ముతున్నాడా వాడు, గుర్రాన్ని చూడ్డానికి? వాడు అమ్మింది వాడి మాటని. దాని నోరు తెరిచి చూశావా పెదనాన్నా?" అంది. ఆమె గొంతు వీధి చివరిదాకా వినపడిందంట. నన్నడిగితే చెంచయ్యా, నిన్ను గొప్పోడన్నారు, నువ్వు అడగటం మర్చిపోయావ్, అంతే గదా.

తన జతని విప్పాడాయన. పోటీల్లో బండ లాగిన జత, ఊరికి పేరు తెచ్చిన జత. పలుపు ఆమె చేతికి ఇయ్యబోతే ఆమె పుచ్చుకోలా. "నాకు నీవి వద్దు. నావి కావాలి" అంది. దాంతో తన జతని బదులిద్దామని ఆయనే తోలుకుని కృష్ణ దాటాడు, అంకారావు తలొంచుకుని వెనకాల. ఆ కొన్నాయన ఎగిరి గంతేశాడు, తనిచ్చిన దానికంటే ఎక్కువ సరుకొచ్చింది కాబట్టి. అమ్మిన తొమ్మిదో రోజు సాయంత్రానికి తెల్ల జత ఊళ్ళోకొచ్చింది. ఆమె వాటి మెడల్ని పట్టుకుని ఏడ్చింది. మొగుడికి అన్నం పెట్టింది గానీ, కంచం కింద పెట్టిన చప్పుడే అతనితో మాట్లాడిన మాట, నెల రోజులు.

అందరూ ఆహా చెంచయ్య, మాట నిలబెట్టుకున్నాడు అంటారు. నేననను. ఆయన జత పోయింది, ఆమె ప్రాణం పోయి వచ్చింది, కిరీటిది ఒక వెంట్రుకైనా పోయిందా? పోలీసులు కంపెనీ ఏ ఊరిది అని అడిగారంట, ఎవరికి తెలుసు. వాడు మాత్రం పోయిన మంగళవారం మన సంతలోనే చెరుకురసం తాగుతా కనపడ్డాడు. ఈ ఊళ్ళో పశువుల గురించి బాగా తెలిసిన పెద్దాయన ఎవరని అడిగాడంట. ఎవరో మా తాతని చూపించారంట, ఇదిగో ఈ మూల కూచున్న ఈ తాతనే, వాడు ఇంటికొచ్చి ఆయన చేతులు పట్టుకుని పొగిడిపోయాడు. కథ అయిపోయింది. లేవబాకండి. చూపించింది మీలో ఎవరో చెప్పి లేవండి.