తొలి విస్తరి ఎవరిది

"కప్పు మనదేరోయ్!" అని వీధి చివర కేక పడిందంట. ఆ కేక విని గంటె చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చింది పైడమ్మ. గెలిచొచ్చే సారిపేట చెడుగుడు జట్టుకి మాంసం వండుతోందిలే ఆవిడ. మరి సారిపేటలో ఒక ఆచారముంది. కప్పొచ్చిన రోజు వీధిలో విస్తళ్లేసి, జట్టు పుట్టినకాడ్నుంచీ ఆడినోళ్లందర్నీ, ఎవరెంత గొప్పో ఆ వరసన కూచోబెడతారు. తొలి విస్తరి మనిషి ముద్ద నోట్లో పెట్టేదాకా ఇంకెవరూ తినకూడదు. విందుకొచ్చిన ఓడిన ఊరోళ్లైనా సరే! ఇంకేముంది, అన్నం పొగలు కక్కుతోంది, పెద్దలు మాత్రం కూతలో మొనగాడు గొప్పా, పట్టులో మొనగాడు గొప్పా అని కొట్టుకు చస్తున్నారనుకో. అప్పుడేమైందంటే, పైడమ్మ వచ్చి "నా ఇస్తరేదిరా?" అనడిగింది. అందరూ గొల్లున నవ్వారంట.

ఎందుకడిగిందంటే, ఆవిడ కొత్త కోడలిగా ఉన్నప్పుడు జట్టులో ఒకడికి జ్వరమొచ్చింది. కోక బిగగట్టి వాడి బదులు తనే దిగి, ఏటవతలి ఊరి బంగారినాయుడి కాలు పట్టేసింది. కప్పొచ్చింది. అయినా బురదలో నాయుడే జారాడని చెప్పి ఆవిణ్ని వరసలో కలపలేదు. అప్పట్నుంచీ వడ్డించడమే గానీ ఆ వరసలో కూచుంది లేదు పాపం.

ఊరిపెద్ద గౌరీశు, "అదంతా బురద పున్నెమే ఒదినా, పోయి పులుసు సూడు" అన్నాడంట. గంటె తీసుకెళ్లి గౌరీశు చేతిలోనే పెట్టింది. "పులుసు నువ్వు సూడు మరిదీ. ఇయాల బురద లేదు గదా. ఏటి, బంగారినాయుడన్నా, కూతకొస్తావా, ఆకలికి నీరసమొచ్చిందా?"

బంగారినాయుడు అక్కడే ఉన్నాడు, ఓడిన తన ఊరోళ్లతో విందుకొచ్చి. తల నెరిసినా దుక్కలాంటి మనిషి. "నా కాలు దొరికితే గదేటమ్మా!" అని మీసం దువ్వి, వీధికి అడ్డంగా గీత గీయించి, చెడుగుడు గుడుగుడు అంటూ దిగాడు. ఇటు దూకాడు, అటు దూకాడు. పైడమ్మ కదల్లేదు. కదల్లేదంటే కదల్లేదు! తాకుదామని ఆయన కాలు చాపాడో లేదో, చీలమండ దొరకబుచ్చుకుంది. లాగాడు, గింజుకున్నాడు, గీతకి జానెడు దూరంలో బోర్లా పడ్డాడు. పడి కూడా గుడుగుడు... గుడు... గు... అంటూనే ఉన్నాడు, అంతే, కూత ఆగిపోయింది! ఈలలూ డప్పులూ, వీధి ఎగిరిపోయిందనుకో. బంగారినాయుడు నేలమీంచే పకపకా నవ్వి, "అప్పుడూ ఇదే పట్టురా! బురదేటి మీ మొకం! ముందీవిణ్ని కూకోబెట్టండి, ఆకలి సంపేత్తంది" అన్నాడంట.

పైడమ్మ కోక దులుపుకుని తొలి విస్తరి ముందు దర్జాగా కూచుంది. రెండోది ఎవరిదని మళ్లీ మొదలెట్టబోయారు గానీ, "ఎవుడికి దొరికిన ఆకు ఆడిది, కూకోండెహె" అని ముద్ద నోట్లో పెట్టేసింది. అంతే, రెండూళ్లోళ్లూ ఒకళ్ల పక్కన ఒకళ్లు చతికిలబడ్డారు. ఆ రెండోవాడెవడో ఇప్పటికీ తేలలేదంట. విస్తట్లో మాంసం పడ్డాక ఎవడడుగుతాడు చెప్పండి!