హారన్ ఏ దిక్కున్నది

బెల్లంపల్లి. బొగ్గు సైడింగ్‌లో షంటింగ్ ఇంజన్ నడిపి రిటైరైన కొమురెల్లి ఇంటి ముందు గది. ఎదురు కుర్చీలో జబ్బార్, అదే ఇంజన్ ముందు నిలబడి జెండాలు ఊపిన మనిషి. బల్ల మీద అరచేతిలో ఇమిడే విదేశీ బొమ్మ ఇంజన్; దాన్ని తమ పాత ఇంజన్‌లా మారుస్తున్నాడు కొమురెల్లి.

"మల్ల గీకినవా? గదిగో, రంగంత మల్ల గీకినవ్!"

"ఒర్రకు జబ్బార్ భాయ్. చెయ్యి జారుతది."

"నీ చెయ్యి కాదు, నా పానం జారుతున్నది. పోయిన ఆదివారం మంచిగున్నది గదా? పసుపు రంగు, నడుమ ఎర్ర పట్టి. బరాబర్ మన ఇంజనే, మన పొట్టేలే. ఎందుకు గీకినవ్?"

"గా పసుపు మన పసుపు కాదు. కొత్త పెండ్లిపిల్ల తీరుగున్నది. మన పొట్టేలుది బొగ్గుమసి వట్టిన పసుపు."

"మసి మీదికెల్లి పూస్తె అంటదా? మొత్తం గీకాల్నా?"

"చాయ్ తాగుతవా?"

"మాట మార్చకు."

"మార్చలే. తాగుతవా అని అడిగిన. ఫ్లాస్కుల ఉన్నది."

"పొయ్యి. చక్కెర తక్కువ."

"ఏంది?"

"చక్కెర! తక్కువ! అరె, నీకు గీ దిక్కు కూసుంటె నా గొంతు పోతది. జరుగు, ఇటు దిక్కు కూసుంట."

"చక్కెర తక్కువని నాకు తెల్వదా? అరుసుడెందుకు?"

"గీ బొమ్మ తెచ్చినంకనే గదా తెలిసింది. నౌకరి చేసినన్ని దినాలు నువ్వు మీద క్యాబిన్ల, నేను కింద కంకర మీద. నేను చాయ్ తాగుతనో గంజి తాగుతనో నీకేం ఎరుక?"

"అప్పుడు మాట్లాడుకోలేదా మనం?"

"ఏం మాట్లాడినం? నేను పచ్చ జెండ ఊపితె నువ్వు నడుస్తుంటివి. ఎర్ర జెండ ఊపితె ఆగుతుంటివి. నువ్వు హారన్ కొడితె నేను పక్కకు జరుగుతుంటి. గవే మన ముచ్చట్లు. గా సప్పుడుల ఇంకేం ఇనవడుతుండె?"

"సాలలేదా గవి?"

"సాలినయ్. అప్పుడు సాలినయ్."

"బిస్కెట్ తిను. గా గడప కాడ బ్యాగెవలిది?"

"నాదే. ఇప్పుడే బజార్ల కొన్న. జిప్పు మంచిగున్నదా సూడు, నీకు సూపెడ్దామని ఇటే వచ్చిన."

"జిప్పు మంచిగనే ఉన్నది. ఎందుకు కొన్నవ్?"

"ఎందుకేంది? ప్రయాణం. రేపు పొద్దుగాల భైంసా పోతున్న అని ఎన్ని తాపల జెప్పాలె నీకు?"

"రేపేనా?"

"రేపే. మా తమ్ముడు అవేజ్ ఇంటలేడు. వానిది పత్తి యాపారం, పెద్ద ఇల్లు. మీదర్ర నా కోసం ఖాళీ చేపిచ్చిండు. వాని భార్య రుబీనా గూడ ఒకటే పోరు. 'షహర్ బానో భాభీ పోయినంక మీకు వంటెవలు చేస్తుండ్రు భాయ్‌జాన్, వచ్చెయ్యిండ్రి' అని."

"మంచిదే."

"మంచిదే అంటవా?"

"మంచిదే గదా. ఒక్కనివి ఈడ ఏం చేస్తవ్?"

"అవ్. ఏం చేస్త."

"జర గిది వట్టుకో. పొగగొట్టం. గమ్ము ఆరేదాక కదపకు."

"పట్టిన. నువ్వు గూడ అంటవన్నట్టు, పొమ్మని."

"నేనెందుకంట? నీ తమ్ముడు, నీ ఇల్లు. గట్టిగ ఒత్తకు, వంగుతది."

"ఒత్తుతలే. అన్నట్టు, వ్యాగన్లకు ఆనే గీ బఫర్లు మస్తు కుదిరినయ్. ఏంటివి గివి?"

"టిచ్ బటన్లు. మా ఇంటామె మల్లక్క కుట్టుమిషన్ డబ్బల దొరికినయ్. ఆమె సచ్చిపోయినంక గా డబ్బ ముట్టలే నేను. బఫర్ల కోసం తెరిచిన."

"మంచిగ చేసినవ్."

"లోపట సూదికి దారం ఎక్కిచ్చే ఉన్నది భాయ్. నా అంగికే గావచ్చు, గుండీ కుడుదామనుకున్నది."

"చాయ్ తాగు కొమురెల్లీ."

"తాగుతున్న. ఇంకేం జెయ్యాలె, పరాయి దేశం బొమ్మకు బఫర్లే లేకపాయె. నడుమ ఒక కొక్కెం, నెత్తి మీద ఒక గంట. బొగ్గు సైడింగ్‌ల గంట కొట్టుకుంట తిరిగితె మన వాడకట్టు బాలవ్వ అసొంటోల్లు గుడిగంట అనుకొని కొబ్బరికాయ వట్టుకొని ఉరికొస్తుండె."

"కొట్టలేదా మరి కొబ్బరికాయ? దసరకు నువ్వు కొబ్బరికాయ, గుమ్మడికాయ కొట్టంగ, నేను దాని హారన్‌కు బంతిపూల దండ కడుతుంటి."

"గా దండతోనే పోయింది తుక్కుకు. గ్యాస్ కట్టర్‌తోని కోస్తున్ననాడు దాని మెడల ఎండిన దండ ఇంక ఉండె."

"నువ్వు సూసినవా? రాలేదన్నవ్ గదా ఆనాడు?"

"గోడ ఇవుతలికెల్లి సూసిన. దగ్గరికి రాబుద్ధి కాలే."

"నేను గూడ గోడ ఇవుతలనే ఉంటి, గా గేటు దిక్కు."

"పిలువకపోతివి?"

"నువ్వు పిలువకపోతివి? తియ్యి, గా ముచ్చట ఇప్పుడెందుకు. గంట కోసేసినవ్, మెట్లు మార్చినవ్, కిటికీ పెద్దగ చేసినవ్. ఇగ రంగేసి నంబరేస్తె అయిపాయె. ఇయ్యాల కానియ్యి దీన్ని. పోయేముందు నేను సూడాలె."

"అయితది తియ్యి."

"అయితది, అయితది అనుడే... ఆగు. ఆగు, ఇటు తిప్పు."

"ఏమాయె?"

"హారన్ ఏ దిక్కు పెట్టినవ్?"

"కుడి దిక్కు. నువ్వు జెప్పినట్టే."

"కుడి అన్న. ఎవల కుడి? నేను దాని ముంగట నిలవడ్డోన్ని! నా మొకం ఇంజన్ దిక్కుంటది. నా కుడి అంటె నీకు ఎడమ!"

"ఓహో."

"ఓహో ఏందయ్యా! హారన్ ఒక్కటేనా? నిచ్చెన, రెయిలింగ్, గీ పొగగొట్టం, అన్ని ఉల్టా వడ్డయ్. అద్దంల సూసినట్టున్నది. నేను కింద నిలవడి జెప్పిన, నువ్వు సీట్ల కూసొని ఇన్నవ్. యా అల్లా, రేపు పొద్దుగాల బస్సు నాకు!"

"పరేషాన్ గాకు. అన్ని ఊడవీకి మల్ల పెడ్త. ఒక నెల వడతది. కాదంటె రెండు."

"నెలా? అప్పటికి నేనేడుంట?"

"ఆదివారం ఆదివారం రా. భైంసా ఏమన్న దేశం అవుతల ఉన్నదా? బస్సెక్కితె దిగుడే."

"గీ మోకాళ్లతోనా? అవేజ్ పంపియ్యడు. కిందర్రల ఉండు, మెట్లు గూడ ఎక్కకు అన్నడు."

"మీదర్ర అంటివి ఇప్పుడే?"

"ఆ... మీదనే. మోకాళ్ల సంగతి తెలిసి కిందికి మార్చిండు. నా అర్ర ముచ్చట నీకెందుకు? ముందు నువ్వు జెప్పు. గా సీట్ల కూసొని నీ ఎంటికలు తెల్లగైనయ్. హారన్ నువ్వే కొడుతుంటివి. అది ఏ దిక్కు మోగుతదో నీకు తెల్వదా?"

"ముసలోన్నయిన. యాది లేదు."

"ఉత్తదే. నీ ఎడమ చెవు ఎందుకు ఇనవడుతలేదు? నేనెందుకు ఎప్పుడూ గీ దిక్కొచ్చి కూసోవాలె? హారన్ అటు దిక్కు మోగి మోగి గదా, గా చెవు పోయింది!"

"ఏందీ?"

"ఇన్నవ్. గీ మాట మంచిగనే ఇన్నవ్."

"గమ్ము ఆరింది. ఇడిసిపెట్టు ఇగ."

"ఇడువ. జెప్పు. తెలుసు గదా నీకు?"

"తెలుసు."

"ఎప్పటి సంది?"

"నువ్వు కుడి అన్ననాడే. నవ్వొచ్చింది నాకు. జెప్దామనుకున్న. మల్ల అనుకున్న, తప్పు వెడితె దిద్దాలె, దిద్దాలంటె జబ్బార్ రావాలె అని."

"మరి రంగు?"

"రంగు గూడ గంతే. పసుపు మంచిగనే ఉండె."

"మొన్న మెట్టు ఇరిగిందంటివి?"

"నేనే ఇరగ్గొట్టిన."

"పాగల్‌గానివి నువ్వు. ముసలితనాన పిల్లగాని ఆటలా?"

"ఏం జెయ్యాలె మరి? గిది అయిపోతె నువ్వెందుకొస్తవ్ మా ఇంటికి? సోమారం సంది శనారం దాక గీ ఇంట్ల నా దగ్గు నాకే ఇనవడతది. టీవీ పెడ్త, బంద్ చేస్త. ఆదివారం నువ్వొచ్చి నాలుగు తిట్లు తిడితె, ఆ, మనిషినే ఉన్న అనిపిస్తది."

"గిదంత నోటితోని జెప్పరాదా?"

"మనకు అలవాటున్నదా, నోటితోని జెప్పుకునుడు?"

"చాయ్ సల్లారింది నీది."

"మాట మార్చకు."

"మార్చలే. జెప్త, ముందు చాయ్ తాగు."

"నువ్వు జెప్పకు. నేను జెప్త. పోకు జబ్బార్ భాయ్. అవేజ్‌కు భార్య ఉన్నది, పిల్లలున్నరు, యాపారమున్నది. నాకెవలున్నరు? బొమ్మ అయితే కానీ, కాకుంటె పోనీ. నువ్వు పోకు."

"మల్ల అను."

"ఏంది, ఇనవడలేదా? చెవు నాది పోయింది, నీది కాదు."

"ఇనవడ్డది. మల్లొక్క తాప అను."

"పోకు."

"హమ్మ్."

"హమ్మ్ అంటె నాకు తెల్వదు. ఫోన్ తియ్యి. నా ముంగట్నే అవేజ్‌కు జెయ్యి, వస్తలేనని జెప్పు. కోపం జేస్తె నాకియ్యి, నేను మాట్లాడుత."

"వాడెందుకు కోపం జేస్తడు కొమురెల్లీ? రమ్మన్నడని నేనే ఉత్తగ అన్న గాని, వాడు నాకు ఫోన్ జేసి రెండు రంజాన్‌లు దాటినయ్."