పాలపన్నేగా!

మిరపకోతల రోజులు. ఊరి ప్రాథమిక పాఠశాల వరండాలో పళ్ళ డాక్టరు శ్రీరమ్య, ఎదురుగా కుర్చీలో మూడో తరగతి లిడియా, పక్కన బిందుమాధవి టీచరు.

"ఆ కవర్లో ఏంటమ్మా, కంపు కొడుతోంది?"

"పేడండి డాక్టరుగారూ."

"పేడా! ఎందుకు లిడియా?"

"మీరు పన్ను పీకితే, ఇందులో పెట్టి మా రేకుల మీదికి విసరాలిగా. ఒకవేళ కొత్తది వచ్చేదైతే."

"బాగానే ఉంది. ముందు నోరు తెరువు. ఇంకా... అయ్యయ్యో. టీచర్ గారూ, ఇటు చూశారా?"

"పాలపన్నేగా డాక్టర్ గారూ? అదే ఊడిపోతుందిలే అనుకున్నాం."

"అందరూ అలాగే అనుకుంటారండీ. ఆరేళ్ళప్పుడు ఈ దవడపన్ను ఏ పన్నూ ఊడకుండానే వెనకాల వచ్చేస్తుంది కదా, పాలపన్నేలే అని వదిలేస్తారు. మావాడికీ ఇదే పన్ను పుచ్చింది. చుక్కంత ఉండగానే నింపేశా. వాడిప్పుడు చెరుకు నములుతున్నాడు. ఈ పిల్లకి చూడండి, మొదలే మిగిలింది."

"ఎవరు పట్టించుకుంటారండీ? ఉండేది ఒక్క అమ్మమ్మ. ఆవిడేమో కోతలకి పోతే మళ్ళీ దీపాలవేళకే."

"నొప్పొస్తే ఏం చేస్తావమ్మా?"

"అమ్మమ్మ వచ్చిందాకా దిండు కరుచుకుని పడుకుంటానండి."

"రోజూ పళ్ళు తోముకుంటావా?"

"అమ్మ ఫోను చేస్తే తోముకుంటానండి."

"అమ్మ ఫోను చేస్తేనా?"

"అమ్మ హైదరాబాదులో ఒకళ్ళ బాబుని చూసుకుంటదండి. పొద్దున్నే వాడికి పళ్ళు తోముతా, ఫోను గోడకి ఆనించి పెడతది. వాడితో పాటు నేనూ. వాడికి బ్రష్షు, నాకు వేలు."

"మరి అమ్మ ఎప్పుడొస్తుంది?"

"నా ముందుపన్ను ఊడినప్పుడు వెళ్ళిందండి. కొత్తది వచ్చేసరికి వస్తానంది."

"వచ్చిందా?"

"పన్ను వచ్చింది."

"సరే... సరేలే తల్లీ."

"ఇప్పుడు ఫోను కూడా చెయ్యట్లేదండి. అది కాదుగానీ, ఈ పన్ను పీకితే మళ్ళీ వస్తదా, రాదా?"

"వస్తుందిలేవే లిడియా. నువ్వు భయపడకు."

"నిజంగా వస్తదా టీచర్?"

"వస్తుందన్నాగా. ఇదేంటి, ఏడుస్తావేం? ఇంకా పీకందే!"

"మీరు రాదంటారనుకున్నా..."

"టీచర్ గారూ, పిల్లకి అబద్ధం ఎందుకండీ? ఇటు చూడు లిడియా. ఇది పాలపన్ను కాదు. పీకితే మళ్ళీ రాదు."

"రాదా? ఒట్టు?"

"ఒట్టు. నవ్వుతావేంటే?"

"అమ్మయ్య! పొద్దున అమ్మమ్మ ఫోను పెట్టేసి, 'అది ఇంక రాదు, అది ఇంక రాదు' అని ఒకటే ఏడుపండి. ఏది అమ్మమ్మా అనడిగితే, నీ పన్నేలేవే అంది. నేను అమ్మేమో అనుకున్నానండి!"