మనిషి తాగగలిగిందే కోడికి

లేదంటే లేదే, సులస్త్రీ! కుండ నిండా ఉన్నా సరే, ఒక్క చుక్క ఇవ్వను. ఆస్పత్రిలో పడుకున్న మనిషికి కషాయం ఏంటి? అక్కడ మందుల్లేవా? పొద్దున్నించీ గుమ్మం తొక్కిన ప్రతివాడూ కషాయం, కషాయమని నా ప్రాణం తోడేస్తున్నారు. నేనేమన్నా డాక్టర్నా?

ఏంటీ, అతనే అడిగాడా? నీ మొగుడు కర్యోనోనా? “పెద్దమ్మ కషాయం పడితే లేచి కూర్చుంటా” అన్నాడా?

అయ్యో. అలా అన్నాడూ...

ఆ తలుపు వెయ్యి. గొళ్ళెం కూడా పెట్టు. జల్లు కొడుతోంది, అందుకే.

చిగుళ్ళలోంచి ఇంకా కారుతోందా? ఒళ్ళంతా నల్లమచ్చలా? రక్తం ఎన్ని సీసాలెక్కించారు? మూడా! ఎక్కించింది ఎక్కించినట్టే పోతోంది, సొంతంగా ఊరడం లేదన్నారా? మరి ఏం తాగాడు, ఏం మింగాడు అని అడగలేదూ డాక్టరు?

అడిగితే నువ్వేం చెప్పావు?

ఏమీ లేదన్నావా! అవునులే. పసుపు, కచోరాలు, వెల్లుల్లి, ఇంత బెల్లం ముక్క. మన కొండమీద దాన్ని మందని ఎవరనుకుంటారు?

సెమరాంగ్ పట్నం నుంచి కోళ్ళు కొనేవాళ్ళు మొదటిసారి వచ్చిన రోజు గుర్తుందా నీకు? బూట్లకి బురదంటుకుంటుందని కార్లోంచి దిగడానికే జంకారు. “మందుల్లేకుండా ఇన్ని కోళ్ళు ఎలా బతుకుతాయమ్మా?” అని మూతి విరిచారు. నాకసలే నోటి దురద కదా! “మనిషి తాగలేనిది మా కోడికి పొయ్యం” అనేశాను. మాట అని ఊరుకున్నానా? కోళ్ళ తొట్టిలో పోసే కషాయమే గ్లాసులో పోసి నీ మొగుడి చేతికిచ్చాను. వాడు గటగటా తాగి మీసం తుడుచుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మాటే ఇంటింటి ముందు బోర్డు మీద రాయించారు కూడా.

అప్పట్నించీ ఎవరొచ్చినా తాగేది వాడేగా. తర్వాత్తర్వాత ఎవరూ రాకపోయినా తాగాడు. మోకాళ్ళ నొప్పులు తగ్గాయన్నాడు, రోజూ పొద్దున్నే గ్లాసు పట్టుకుని ఈ గుమ్మంలోనే నిలబడేవాడు.

వింటున్నావా? అటు కోళ్ళకేసి చూస్తావేం? వాటికేం, నిక్షేపంలా ఉన్నాయి. అదేనే నా బాధ!

పోయిన వానల్లో ఏమైందో నీకు చెప్పాలా? తెల్లగా పారుకోవడం, రెక్కలు వేలాడేసుకుని మూలకి చేరడం, తెల్లారేసరికి కాళ్ళు చాపేయడం. మీ షెడ్డులో ఒక్క పూట నలభై పోయాయి. మనం చెయ్యనిదేముంది? తడి ఊక తీసి ఎండు ఊక పరిచాం. సున్నం చల్లాం. జబ్బు కోళ్ళని వేరుచేశాం, కిక్కిరిసిన షెడ్లు పలచన చేశాం. కషాయం నల్లబడేదాకా కాచాను. ఆగిందా?

మందు వెయ్యని కోళ్ళని పన్నెండిళ్ళకీ కలిపి ఒకటే సర్టిఫికెట్. ఒక్క ఇల్లు మందు ముట్టుకుంటే పన్నెండు బోర్డులూ పీకేస్తారు. ఇంటింటికీ తిరిగి వెతికే పని నాకు అప్పజెప్పారు. ఊకలో మోచేతుల దాకా చేతులు పెట్టి కెలికాను. మీ అత్త తలనొప్పి మాత్ర కిటికీలో పెట్టుకుంటే పాపం ఆవిడని నానా మాటలన్నాను. దొంగ చేతికి తాళాలిచ్చారే మీరంతా!

అవును. దొంగనే.

అయిదు రోజులకోసారి జరిగే పోన్ సంతలో పిట్టల మందులమ్మేవాడి దగ్గరికెళ్ళాను. “ఇది పాత పొడి, కోళ్ళకి వెయ్యకూడదని ఎప్పుడో ఆపించేశారు, కానీ దీన్ని మించింది లేదు” అన్నాడు. పిట్టకైనా కోడికైనా ఒకటేనట. మరి మనిషికో అని నేనడగలేదు. కోళ్ళకి కొంటూ మనిషి సంగతి ఎందుకు గుర్తొస్తుంది?

ఈ పొయ్యి మీదే, ఈ కుండలోనే కలిపాను. ఎవరికీ చెప్పలేదు. అయిదో రోజుకి కోళ్ళు లేచి గింజలకి కొట్టుకున్నాయి. మీరంతా వచ్చి నా చెయ్యి నుదుటికి ఆనించుకున్నారు. “పెద్దమ్మ చేతి చలవ” అంది మీ అత్త, తిట్లు తిన్న ఆవిడే! ఆ మాట విన్నాక నిజం చెప్పడానికి నోరెలా వస్తుంది? మళ్ళీ కొత్త కోడిపిల్లలు దిగాయి, మళ్ళీ కలిపాను. ఆపితే చస్తాయేమోనని భయం.

నీ మొగుడికా? వద్దురా అనాలని రోజూ అనుకున్నాను. వద్దంటే ఎందుకంటాడు. అందుకని నవ్వుతూ పోశాను.

ఇంకోటి కూడా విను, విన్నాక ఉమ్మేస్తావో చెప్పు తీస్తావో నీ ఇష్టం. పొడి కలిపిన రోజు నుంచీ నేను మాత్రం తాగలేదు. మీ ముందు గ్లాసెత్తి నోట్లో పోసుకుని, పెరట్లోకెళ్ళి అరటి మొదట్లో ఉమ్మేసేదాన్ని. ఆరు నెలలు! విషమని తెలియదే, ఒట్టు. కానీ ఏదో ఉందని నా నోటికి తెలిసింది కదా.

ఏడవకు. ఏడవడానికి టైము లేదు. ఇదిగో పొట్లం, అడుగున కాస్త మిగిలింది. డాక్టరు చేతిలో పెట్టు, అదేమిటో వాళ్ళు కనుక్కుంటారు. ఆరు నెలలుగా రోజూ తాగాడని చెప్పు. నా పేరు చెప్పు. ఇంకా ఏయే ఇళ్ళలో ఎవరెవరు తాగుతున్నారో, పదకొండిళ్ళూ తిరిగి నేను కనుక్కుంటాను. పరిగెత్తు!

నిలబడ్డావేం?

ఏమన్నావు? సర్టిఫికెట్ తనిఖీకి సోమవారం వస్తున్నారనా? అయితే? ఈ నాలుగు రోజులూ పోయాక చెబితే ఏం అంటావా? బోర్డు పోతే పన్నెండిళ్ళ నోట్లో మట్టేనంటావా? ఒసే, అక్కడున్నది నీ మొగుడే!

లెయ్యవే తల్లీ, కూర్చోకు. ఆ రోజు సంతలో పొట్లం ఒళ్ళో పెట్టుకుని నేనూ ఇలాగే కూర్చున్నాను, కాసేపు ఆలోచిద్దామని.